పళ్ళెం అంచున చిక్కుళ్ళు

నేనిప్పుడు ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. కిందటి నెల ఒక విద్యార్థిని తండ్రి స్టాఫ్ రూముకి వచ్చాడు. అమ్మాయి పుస్తకం తెరిచి కూర్చుంటుంది గానీ పేజీ తిప్పదట, బద్ధకం బాగా పెరిగిందట, నన్ను కాస్త గట్టిగా చెప్పమన్నాడు. ఆ పిల్లను నేను క్లాసులో చూస్తూనే ఉన్నాను. అది బద్ధకం కాదని ఆయనకు ఎలా చెప్పాలో తెలియక, అన్నం సరిగ్గా తింటోందా అని మాత్రం అడిగాను. ఆయన నావైపు విడ్డూరంగా చూశాడు. ఆ ప్రశ్న ఎందుకు అడిగానో చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

2004, చలికాలం

మా ఊరు పర్ణశాల దాటాక అడవి వైపు ఉంటుంది. మేం కోయవాళ్ళం. ఇంట్లో కోయ మాట్లాడుకుంటాం, కాబట్టి మా వాళ్ళ మాటలు ఇక్కడ నేను తెలుగులోకి మార్చి రాస్తున్నవే. అయ్య వ్యవసాయం చేస్తాడు. అవ్వ, అంటే మా అమ్మ, ఇప్పపువ్వు, బీడీలు చుట్టే తునికాకు కాలాల్లో అడవికి వెళ్తుంది, మిగతా రోజుల్లో పర్ణశాలకు వచ్చే యాత్రికులకు సీతాఫలాలో రేగుపళ్ళో అమ్ముతుంది. ఊళ్ళో ఎమ్మెస్సీ దాకా వెళ్ళింది నేనొక్కదాన్నే. నేను సెలవులకు వస్తే పిల్లలకు చూపించి, ఇట్లా చదవాలి అనేవాళ్ళు. నాకది బాగానే ఉండేది, దాచుకోవడం దేనికి.

మా దగ్గర కొత్తగా కాసింది ఏదైనా ముందు ఊరి తల్లికి పెట్టాలి. ఊరంతా కలిసి పండుగ చేసుకున్నాకే ఎవరైనా నోట్లో పెట్టుకోవాలి, ముందే తింటే తల్లి కోపం జబ్బై తగులుతుందంటారు. మామిడికాయకు ఒక పండుగ, చిక్కుడుకు ఒక పండుగ. కంచె మీద చిక్కుడు విరగకాసి వేలాడుతున్నా పండుగ అయ్యేదాకా ఎవరూ కోయరు. ఆశ్రమ పాఠశాలలో వంట చేసే ఆమె మా వైపు మనిషే కాబట్టి అక్కడ చిక్కు రాలేదు. భద్రాచలంలో డిగ్రీ చదివినప్పుడు హాస్టల్లో సగం మంది మావాళ్ళే. యూనివర్సిటీ మెస్సుకు మాత్రం మా పండుగలతో పనిలేదు. చలి మొదలైతే చాలు, చిక్కుడుకాయ కూర. నేను కాయలన్నీ ఏరి పళ్ళెం అంచున పెట్టి, చారుతో తినేదాన్ని. మా బల్ల దగ్గర అమ్మాయిలు, మీ అమ్మవారికి ఇంకా కూర అందలేదా అని ఆటపట్టించేవారు. నేనూ నవ్వేదాన్ని. మొదటి ఏడాది అంతా అలాగే గడిచింది.

రెండో ఏడాది వానలు వెనకబట్టాక ఏదో తేడా వచ్చింది. ఎప్పుడు మొదలైందని డాక్టర్లు అడుగుతారు. ముందు లాబ్‌లో బయటపడింది. బ్యూరెట్ కింద ఫ్లాస్కు తిప్పుతూ, ద్రావణం రంగు మారే చుక్క కోసం చూస్తాం. నేను కళ్ళు తిప్పకుండా చూస్తూనే ఉండేదాన్ని, ముదురు గులాబీ అయిపోయాక గానీ దాటిపోయిందని తెలిసేది కాదు. మళ్ళీ మొదలుపెట్టేదాన్ని, మళ్ళీ దాటిపోయేది. ఇంత అజాగ్రత్త ఏమిటమ్మా అన్నారు మా సారు. నేనూ అజాగ్రత్తే అనుకున్నాను.

తర్వాత చదువు పోయింది. పోయింది అంటే మరిచిపోయానని కాదు. వాక్యం మొదట్లో ఎక్కేదాన్ని, చివరికి వచ్చేసరికి మొదలు ఏమిటో గుర్తుండేది కాదు. ఒక ఇంటర్నల్ పరీక్షకు వెళ్ళి, కాగితం మీద నంబరు రాసి, గంట కొట్టేదాకా కూర్చుని లేచి వచ్చాను. తెల్లవారకముందే మెలకువ వచ్చేది, లేవబుద్ధి అయ్యేది కాదు. స్నానం పెద్ద పనైంది. నోటికి రుచి పోయింది, కూరలో ఉప్పుందో లేదో తెలిసేది కాదు. ఏడుపు కూడా వచ్చేది కాదు. చాలామంది దీన్ని దుఃఖం అనుకుంటారు. నాకు దుఃఖంలా లేదు, ఏదీ నాది కానట్టు ఉండేది.

నా రూమ్మేటు రజిత కారేపల్లి దగ్గరి అమ్మాయి, నాకంటే ఏడాది జూనియర్. ఆ ఏడే వచ్చి చేరింది. చలి మొదలైన కొత్తలోనే నేను చిక్కుళ్ళు ఏరడం చూసి ఎందుకని అడిగి తెలుసుకుంది. నేను తల దువ్వుకోవడం మానేస్తే తనే కూర్చోబెట్టి, తిట్టుకుంటూ జడ వేసేది. ఒక మధ్యాహ్నం మెస్సులో అన్నం తింటూ తను ఆగిపోయింది.

"ఏందక్కా, చిక్కుడు తింటున్నవ్? మీ పండుగ అయిందా?"

పళ్ళెం చూసుకున్నాను. సగం కూర అయిపోయింది. తింటున్నట్టు నాకు తెలియనే లేదు. ఊళ్ళో తెలిస్తే ఏమవుతుందో అని భయపడాలి, ఆ భయం కూడా కలగలేదు. పర్లేదులే అని మిగతాది కూడా తినేశాను. అప్పుడు రజితకు భయం వేసిందట, ఆ సంగతి తర్వాత చెప్పింది. మర్నాడే నన్ను డిస్పెన్సరీకి లాక్కుపోయింది.

అక్కడి డాక్టరు పెద్దాయన, ఓపికగా విన్నాడు. ఇది మనసుకు వచ్చే జబ్బని, డిప్రెషన్ అంటారని, యూనివర్సిటీలో చాలామందికి వస్తుందని, చదువుకునే పిల్లలు దీన్ని సోమరితనం అనుకుని తమను తామే తిట్టుకుంటూ ఉంటారని చెప్పాడు. మాత్రలు రాసి, వెంటనే తేడా తెలియకపోయినా మానొద్దని, ఖమ్మంలో ఒక మానసిక వైద్యురాలికి చూపించుకోమని చెప్పాడు. ఇంటికి వెళ్ళే దారిలోనే ఉన్నా నేను ఖమ్మంలో దిగలేదు. మాత్రల అట్ట సంచిలో వేసుకుని నేరుగా ఇంటికి వెళ్ళిపోయాను.

2005, చిక్కుడు పండుగ

ఇంటికి వెళ్ళిన రెండో పూటకే అవ్వకు అర్థమైంది, పిల్ల మునుపటి పిల్ల కాదని. ఎవరైనా ఏమైనా అన్నారా, ఎవరినైనా ఇష్టపడ్డావా, పరీక్ష పోయిందా అని అడిగింది. ఏది అడిగినా తెలియదన్నాను. అయ్య కంచె మీది చిక్కుడు తీగను సర్దుతూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"హాస్టల్ల కొత్త చిక్కుడు తిన్నవా బిడ్డా?"

"అవ్, తిన్న."

అయ్య తల ఊపాడు. నాకు ఎంత తేలికైందో చెప్పలేను. అన్ని నెలల్లో నాకు జవాబు తెలిసిన ప్రశ్న అదొక్కటే. నా జబ్బుకు ఒక కారణం దొరికింది, కారణం ఉంటే విరుగుడు ఉంటుంది. ఊరి తల్లికి పూజ చేసే పూజారి తాత వచ్చి అంతా విని, కంగారు పడాల్సిందేమీ లేదని, పండుగ నాడు నా పేరున తల్లికి ఒక కోడిని బలి ఇస్తే సరిపోతుందని చెప్పాడు.

పండుగ బాగా జరిగింది. డోళ్ళు మోగాయి, ఆడవాళ్ళు రేల పాటలు పాడారు. నన్ను ముందు నిలబెట్టారు. పూజారి తాత కోడిని ఇచ్చి, ఉడికించిన చిక్కుళ్ళు నా అరచేతిలో పెట్టి, అయిపోయింది బిడ్డా, తల్లికి నీ మీద కోపం లేదు అన్నాడు. ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆ పండుగను నేను ఇప్పటికీ తప్పు పట్టను. ఆ పూట ఊళ్ళో ప్రతి మనిషీ నేను బాగుపడాలని అక్కడ నిలబడ్డారు.

తప్పు ఆ తర్వాత జరిగింది. ఆ సాయంత్రం నేను మాత్ర వేసుకోబోతుంటే అవ్వ చూసింది.

"తల్లి ఒప్పుకున్నంక ఇంకా గోలీ ఎందుకే? నమ్మనట్టు గాదా?"

మా దగ్గర ఒకసారి తల్లికి చెల్లించాక ఆ సంగతి మళ్ళీ తీయకూడదు. తీస్తే ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టే. నాకు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. అట్ట తీసుకెళ్ళి చూరులో దోపాను. ఎవరూ బలవంతం చేయలేదు, అయిపోయిందంటే నమ్మాలని నాకే ఉంది. ఆ రోజు నుంచి నాకు బాగాలేదని చెప్పుకునే దారి మూసుకుపోయింది. ఎవరైనా పలకరిస్తే నవ్వాను. అందరూ సంతోషించారు. సంచి సర్దుకుని హాస్టల్‌కి వెళ్ళిపోయాను.

2005, వేసవి ముందు

ఆ నెలల గురించి తక్కువ చెబుతాను. ఈసారి జబ్బుతో పాటు మోసం చేస్తున్నానన్న బాధ కూడా తోడైంది. తల్లి ఒప్పుకుంది, నేనే బాగుపడలేదు, అంటే లోపం నాలోనే ఉంది. చచ్చిపోతే అందరికీ తెరిపి అనిపించేది. అనిపించేది అంటున్నాను గానీ, అప్పుడది లెక్క తేలిన సమస్యలా కనిపించేది. అదే అన్నిటికంటే ప్రమాదమని ఇప్పుడు తెలుసు. ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా అంత స్పష్టంగా కనిపిస్తుంటే, దాన్ని నమ్మకండి, పక్కగదిలో ఎవరుంటే వాళ్ళకి చెప్పండి. నేను రజితకు చెప్పాను. చెప్పాలని కాదు, తను జడ వేస్తుంటే నోరు జారింది.

తను నా జుట్టు వదలకుండా, మిగతా జడ పూర్తిచేసింది. తర్వాత వెళ్ళి పర్ణశాల టెలిఫోన్ బూత్‌కి ఫోన్ చేసి, మా అయ్యకు కబురు పెట్టమంది. అప్పటికి ఫైనల్ పరీక్షలు మొదలయ్యాయి. మొదటి పేపరుకు వెళ్ళి తెల్లకాగితం ఇచ్చి వచ్చాను, రెండోదానికి మంచం దిగలేదు. అయ్య వచ్చి అమ్మాయిల హాస్టల్ గేటు బయట, తలకు తువ్వాలు చుట్టుకుని నిలబడ్డాడు. పరీక్షల గురించి అడుగుతాడేమోనని తల వంచుకునే గేటు దాటాను. అడగలేదు. రజిత అప్పటికే అంతా చెప్పినట్టుంది, నా సంచి తీసుకుని, నడు బిడ్డా అన్నాడు. మేం ఖమ్మంలో దిగాం.

ఆ డాక్టరమ్మ దవాఖానా ఒక మేడ మీద. కింద బోర్డు చూసి అయ్య తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. పైన హాల్లో బెంచీలు, అన్నీ నిండి ఉన్నాయి. నా ఈడువాళ్ళు చాలామంది ఉన్నారు, అది నేను ఊహించలేదు. ఒకబ్బాయి ఒళ్ళో లావుపాటి పోటీ పరీక్షల పుస్తకం పెట్టుకుని దాన్ని తెరవకుండా కూర్చున్నాడు. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో తెలియదు. పక్కన ఒక ముసలమ్మ నా చేతిలో మరమరాలు పోసి, తినమ్మా, ఇక్కడ పొద్దు పోదు అంది. తను ఎవరికోసం వచ్చిందో చెప్పలేదు, నన్నూ అడగలేదు.

అంతలో మెట్లెక్కి మా మండలంలో ఎరువుల దుకాణం నడిపే సేటు వచ్చాడు, తల్లిని తీసుకుని. అయ్యను గుర్తుపట్టి, ఇక్కడున్నావేమిటని ఆగాడు. నన్ను చూశాడు. నాకు నేలలోకి కూరుకుపోవాలనిపించింది. ఆయన దుకాణానికి మా ఊరి వాళ్ళంతా వెళ్తారు. చిక్కుడు పండుగలో కోడిని ఇచ్చాక కూడా నాకు నయం కాలేదని తెలిస్తే ఇక ఊళ్ళో ఏమంటారో అయ్యకు నాకంటే బాగా తెలుసు.

"నాకే బాగుంటలేదు సేటూ," అన్నాడు అయ్య. "నిద్ర పడ్తలేదు. బిడ్డ సదువుకున్నది గదా, తోడు తెచ్చుకున్న."

అయ్య అబద్ధం ఆడటం నేను అంతకుముందు వినలేదు. సేటు జాలిగా చూసి, ఈ రోజుల్లో అందరికీ ఉన్నదేలే అన్నాడు. మా పేరు పిలిచేదాకా అయ్య తల పట్టుకుని కూర్చున్నాడు, రోగిలా కనిపించాలని. నాకు చాలా నెలల తర్వాత ఏడుపొచ్చింది.

లోపల మాత్రం అయ్య అంతా నిజమే చెప్పాడు, చిక్కుళ్ళు, కోడి, చూరులో మాత్రలు. డాక్టరమ్మ నవ్వుతుందేమో అని చూశాను. ఆవిడ రాసుకోవడం ఆపి, పండుగలు చేసుకోండి, మాత్రలూ వేసుకోమనండి, ఒకదానికొకటి అడ్డం కాదు అంది. ఈ ఏడాది పరీక్షల మాట ఇంట్లో ఎత్తొద్దని, ఇది తగ్గే జబ్బని, చదువు మళ్ళీ వస్తుందని చెప్పింది. నాకు నమ్మకం కలగలేదు. అయ్య నమ్మాడు.

2005, తునికాకు రోజులు

ఇంట్లో గొడవ అయింది. కోడిని ఇచ్చాం కదా, ఇంకేం తక్కువైందని అవ్వ. గోలీలు మాన్పించింది నువ్వే కదా అని అయ్య. కొన్నాళ్ళు వాళ్ళిద్దరూ నా ద్వారా మాట్లాడుకున్నారు, నేనేమో అసలు మాట్లాడే స్థితిలో లేను. అవ్వ ఆ కోపంలోనే, ఎవరికీ చెప్పకుండా, పత్తికి కొట్టే మందు డబ్బా తీసుకెళ్ళి మా మామ ఇంట్లో పెట్టి వచ్చింది. నేను చూశాను, చూడనట్టు ఉన్నాను.

సేటు ద్వారా మాట ఊరికి చేరింది. బిడ్డ తిన్నది తండ్రికి తగిలిందన్నారు. పూజారి తాత పనిగట్టుకుని వచ్చి అయ్య నిద్ర సంగతి వాకబు చేసి, చేతికి తాయెత్తు కట్టి వెళ్ళాడు. అయ్య వినయంగా కట్టించుకున్నాడు. నిద్ర పట్టనట్టు కనిపించాలని మధ్యాహ్నం కునుకు కూడా మానుకున్నాడు. తాత అటు వెళ్ళగానే అవ్వకు నవ్వాగలేదు. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరికీ మాటలు కలిశాయి. సాయంత్రం కాగానే అయ్య, నా గోలీ యాళ అయింది, నీళ్ళు తే అని అరుగు మీద నుంచి నన్ను పిలిచేవాడు. నేను ఇంటి వెనక్కి వెళ్ళి వేసుకునేదాన్ని.

అవ్వ నన్ను తునికాకుకు తీసుకెళ్ళింది. కోసిన ఆకును లెక్కపెట్టి కట్టలు కట్టాలి. మొదట్లో నా లెక్క మధ్యలోనే తప్పిపోయేది. ఎమ్మెస్సీ చదివిన దానికి ఆకులు లెక్కపెట్టడం రాలేదు. అవ్వ నా కట్టలు విప్పి మళ్ళీ కట్టేది. మాత్రలు పనిచేయడం మొదలైంది ఎప్పుడో నాకు తెలియదు. ఆకు కాలం అయిపోయే ముందు మాత్రం అవ్వ నా కట్ట ఒకటి చేతిలోకి తీసుకుని, లెక్క చూసి, విప్పకుండా పక్కన పెట్టింది.

2005, మళ్ళీ చలికాలం

రెండో ఏడాది మళ్ళీ చదవాల్సి వచ్చింది, అంటే రజిత బ్యాచ్‌తో. నాతో చదివినవాళ్ళు ఉద్యోగాల్లో ఉన్నారు. క్లాసులో మొదటి వారం తల ఎత్తలేదు, సిగ్గేసింది. నెమ్మదిగా చదివిన పేజీ మొదలు నుంచి చివరి దాకా బుర్రలో నిలబడసాగింది. లాబ్‌లో రంగు మారే చుక్క ఒకసారి దొరికితే రెండుసార్లు దాటిపోయేది. జబ్బు అలాగే పోయింది, ఒక అడుగు ముందుకి, రెండు రోజులు అక్కడే. అందుకే, ఎప్పుడు తగ్గిందని ఎవరైనా అడిగితే నేను తేదీ చెప్పలేను.

ఆనవాలు మాత్రం చెప్పగలను. చలి ముదిరాక ఒక మధ్యాహ్నం మెస్సులో కూర్చుని, మర్నాటి సెమినార్ గురించి రజితతో గట్టిగా వాదిస్తున్నాను. నా పద్ధతే సరైనదంటున్నాను. తను వాదించడం ఆపేసి నవ్వుతోంది.

"అక్కా, నీ పళ్ళెం చూస్కో."

చూశాను. చిక్కుళ్ళన్నీ అంచున వరసగా ఉన్నాయి. ఏరినట్టు నాకే తెలియదు. నా వేళ్ళకు గుర్తొచ్చింది, మా పండుగ ఇంకా కాలేదని. చేయి కడుక్కునే నెపంతో కుళాయి దగ్గరికి వెళ్ళి చాలాసేపు ఏడ్చాను. సంతోషం అంత గట్టిగా వస్తుందని మరిచిపోయాను.

పరీక్షల సంగతి ముందే చెప్పేస్తాను, రాశాను, సెకండ్ క్లాసులో పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు. సెలవు పెడితే హాజరు తగ్గుతుందని ఆ ఏడాది పండుగకు ఇంటికి వెళ్ళలేదు. పండుగ మర్నాడు హాస్టల్‌కి ఫోన్ వచ్చింది. అయ్య పర్ణశాల బూత్ నుంచి. అక్కడ చుట్టూ మనుషులుంటారు, వాళ్ళ దృష్టిలో ఇంకా ఆయనే రోగి.

"గోలీలు?" అన్నాడు.

వేసుకుంటున్నానని, ఒక్కపూట కూడా మానలేదని చెప్పాను.

"నేనూ మంచిగనే ఏస్కుంటున్న," అన్నాడు గట్టిగా, బూత్‌లో వాళ్ళకు వినపడేలా. తర్వాత గొంతు తగ్గించాడు. "పండుగైంది బిడ్డా. ఇగ తిను."

ఆ పూట మెస్సులో వంకాయ. చిక్కుడుకాయ కూర మర్నాటి దాకా రాలేదు. వచ్చాక పళ్ళెం నిండా వేయించుకుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. కూరలో ఉప్పు తక్కువైంది. లేచి వెళ్ళి, ఉప్పు తెచ్చుకుని వేసుకున్నాను.